దేవుడి గూట్లో రబ్బరు గిన్నె

మా మేనత్త పోయి చాలా కాలమైంది. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నేను చెప్పను. ఆమెలో మంచి లేక కాదు. ఉంటే దాన్ని చెప్పుకోవడానికి ఆమె కన్నపిల్లలున్నారు. నాకు జరిగింది నేను రాస్తాను. చదువు తక్కువైన దాన్ని, తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఆ చదువు ఎందుకు తక్కువైందో కూడా ఇందులోనే ఉంది.

యుద్ధం జరుగుతున్న రోజులు. మాది పుంగనూరు. మా నాయన పశువుల బేరగాడు. మా వీధి బడిలో ఐదో తరగతి దాటి లేదు. మా అమ్మ పోరు పడలేక ఆయన నన్ను మదనపల్లె తెచ్చి తన అక్క ఇంట్లో దించాడు. దించి, గుమ్మంలో నిలబడే ఒక మాట అన్నాడు.

"ఎనిమిదో క్లాసు సర్కారు పరీక్ష పాసైతివా, టీచరు ట్రైనింగుకు పంపిస్తా. తప్పితివా, ఇంటికొచ్చి కసువు ఊడుస్తా ఉండు. ఇంకో తూరి రాసేది గీసేది లేదు. ఇప్పుడే చెప్తాండా."

మా నాయన బేరంలో ఎన్ని అబద్ధాలైనా ఆడేవాడు గానీ ఇంట్లో అన్న మాట మాత్రం తిప్పేవాడు కాదు. అందుకని ఆ ఇంట్లో నేను ఏం పెట్టినా తిన్నాను, ఏం చెప్పినా చేశాను. అంట్లు తోమాను. ఆవుకు కుడితి పెట్టాను. కళ్లన్నీ ఆ పరీక్ష మీదే.

ఎనిమిదిలోకి వచ్చాక పెద్దమనిషినయ్యాను. అక్కడ మొదలైంది.

మా అత్త ఇంట్లో బయట చేరితే మూడు రోజులు వెనక పంచలో ఉండాలి. ఆ పంచ పశువుల కొట్టానికి ఆనుకుని ఉండేది. ఒక ఈతచాప, ఒక చెంబు, ఒక మట్టి మూకుడు. కూడు దూరం నుంచి వేస్తారు. బడికి పోకూడదు. పోనీ, పంచలో కూర్చుని చదువుకుందామంటే పుస్తకం ముట్టకూడదు. పుస్తకం సరస్వతట. తలనొప్పి అని చెప్పినా, జ్వరమని చెప్పినా పుస్తకం ఇచ్చే అత్త, ఆ మూడు రోజులూ పలక కూడా ఇచ్చేది కాదు. నేను పశువులను చూస్తూ ఎక్కాలు నోటితో చదువుకునేదాన్ని.

బడిలో కొత్తగా వచ్చిన అయ్యవారు కోస్తా వైపు మనిషి. మా మాట ఆయనకు పట్టుబడలేదు. ఒకసారి నన్ను నిలబెట్టి అడిగాడు.

"మూడు రోజులూ ఎక్కడికి వెళ్లావమ్మా?"

"బయటుంటి సార్."

"బయటంటే? ఏ ఊరు?"

క్లాసులో ఆడపిల్లలం నలుగురైదుగురమే. అందరూ తలలు వంచుకున్నారు. వెనక బెంచీలో ఒక పొగరుమోతు ఉండేది, అది అంది, "దగ్గిర్నే సార్. నెలకో తూరి పోయి వస్తాది."

ఆయన పాపం నమ్మాడు. "నెలనెలా ఊళ్లు తిరిగితే పరీక్ష ఎలా పాసవుతావు?" అని నన్ను తిట్టాడు. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. ఆయన అడిగింది సరైన ప్రశ్నే.

ఇక గుడ్డ సంగతి. ఆ కాలంలో గుడ్డకు కంట్రోలు, కార్డుకు ఇంతని కొలిచి ఇచ్చేవారు. పాత చీరలంటే చింపడానికి మిగిలేవి కావు, కట్టుకునేవే పాతవి. అత్త నాకు ఇచ్చిన ముక్కలు ఎన్ని చేతులు మారాయో తెలియదు, ఉతికి ఉతికి అట్టలా అయ్యాయి. వాటిని ఎండలో ఆరేయకూడదు, మగవాళ్ల కంట పడతాయి. కొట్టం వెనక, దండెం మీద, పైన ఒక గోనెపట్టా కప్పి ఆరేయాలి. వానాకాలంలో అవి ఆరేవి కావు. చెమ్మగుడ్డ కట్టుకుని బడికి నడిస్తే తొడలు ఒరుసుకుపోయి మంట. ఎవరితోనూ చెప్పుకునేది కాదు. చెప్పుకుంటే మా అత్త, "మేము పడలేదా?" అనేది. తాను పడింది కాబట్టి నేనూ పడాలి. ఆమె న్యాయం అంతవరకే.

అదే ఏడు అత్త ముందుగది బాడుగకు ఇచ్చింది. వచ్చినామె కుప్పం దిక్కు మనిషి, రామకుప్పం దగ్గర పల్లె. టీచరు ట్రైనింగు చదువుతోంది. పెళ్లయింది. మొగుడు పట్టాళంలో లారీ తోలుతూ బర్మా దిక్కున ఉన్నాడు. నేను ఆమెను అక్కా అనేదాన్ని. రాగిముద్ద గబగబా మింగేది, గట్టిగా నవ్వేది. ఏనుగులు పడి తమ చేను తొక్కిన కథలు చెబుతూ తానే ఏనుగులా ఘీంకరించేది. నాకు లెక్కలు చెప్పింది ఆమే. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను, అంతకు మించి ఆమె మీద నాకు కోపం కూడా ఉంది. దాని సంగతి తరువాత వస్తుంది.

అక్క నెలలు గడిచినా బయట చేరేది కాదు. గోనెపట్టా కింద ఆమె గుడ్డ ఒక్కటీ కనబడేది కాదు. నేను అడిగేశాను. ఆమె తలుపు దగ్గరికి వేసి, పెట్టె తీసి, ఒక చిన్న రబ్బరు గిన్నె చూపించింది. ముదురు గోధుమరంగు, గంట ఆకారం, అడుగున వంకాయ తొడిమలా చిన్న కాడ.

"ఇది గుడ్డకు బదులమ్మే. లోపల పెట్టుకుంటే దాంట్లోనే నిలుస్తాది. తీసి పారబోసి, కడిగి, మళ్లా పెట్టుకునేది. అయిపోయినాక ఉడకబెట్టి ఎత్తిపెట్టేది."

"లోపలంటే?"

"లోపలంటే లోపలే. ఊర్లో ఆడోళ్లంతా బయటుంటారు, నేను లోపలుంటాను. అంతే తేడా." అని పగలబడి నవ్వింది.

నేను రెండడుగులు వెనక్కి జరిగాను. "భయపడొద్దులే, నీకియ్యను. ఇదేమి పంచుకునే వస్తువు గాదు. పెండ్లిగాని పిల్లకు నేను చెప్పను కూడా," అంది.

ఆస్పత్రిలో ఒక దొరసాని డాక్టరమ్మ ఉండేదట. ట్రైనింగు ఆడవాళ్లకు ఆరోగ్యం గురించి చెప్పడానికి వచ్చేదట. తన దేశానికి పోతూ వస్తువులన్నీ పంచిపెట్టింది. ఒకతె కంబళి తీసుకుంది, ఒకతె గొడుగు, ఒకతె లాంతరు. ఈ గిన్నెను అప్పటిదాకా విప్పని కాగితపు పెట్టెలోంచి తీసి చూపి, దేనికో చెబితే గదిలో ఆడవాళ్లు నోరు మూసుకున్నారట, కొందరు బయటికి లేచిపోయారట. "నాకియ్యండి" అన్నది మా అక్క ఒక్కతే. గుడ్డ కొనేదానికి లేక అడిగానని నాతో చెప్పింది. ధైర్యమని అనలేదు.

ఇప్పుడు మా చిన్నకొడుకు కూతురు మదనపల్లె పక్కన అంగళ్లు అనే ఊళ్లో ఇంజనీరింగు చదువుతోంది. దాని సంచిలోనూ ఇటువంటిదే ఉంది, మెత్తగా, గాజులా తెల్లగా. ఎవరో కాలేజీకి వచ్చి ఆడపిల్లలను కూర్చోబెట్టి ఇది తెలుసా, వాడతారా అని అడిగారట. సగంమంది తలలు దించుకున్నారని నాకు వింతగా చెప్పింది. నాకేం వింత? ఆ దొరసాని కూడా వస్తువు ఇచ్చి ఓడ ఎక్కేసింది. ఆ వస్తువు పెట్టుకుని మా అత్తలాంటి మనిషి ఇంట్లో ఎట్లా బతకాలో చెప్పలేదు. ఆమెకు తెలియదు. తెలియని దానికి మెచ్చుకోలు నా దగ్గర దొరకదు.

పరీక్షకు కొన్నాళ్ల ముందు అక్క ఆ గిన్నెను ఉడకబెట్టి, నీళ్లు ఓడ్చి, తన గది కిటికీ మీద ఆరబెట్టింది. ఆ కిటికీ నడవలోకి ఉంటుంది. అక్క క్లాసుకు పోయింది. మా అత్త నడవ ఊడుస్తూ దాన్ని చూసింది.

మా అత్త దేన్నీ పారేసే మనిషి కాదు. తాడుముక్క, మేకు, పగిలిన మూత, ఏది కనబడినా ఎత్తి ఏదో పనికి పెట్టేది. ఆ గుణం నాకూ వచ్చింది. ఆమె నుంచి వచ్చిందని ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు, అయినా వచ్చింది. ఆమె ఆ గిన్నెను డాక్టరమ్మలు మందు కొలిచి పోసేది అనుకుంది. ఆ రోజుల్లో దీపానికి ఆముదం దొరకడం కష్టం. సీసా వంచితే చేయి తడబడి ఎక్కువ పడుతోందని రోజూ సణిగేది. గిన్నె సరిపోయింది. సీసాలోంచి అందులోకి కొద్దిగా పోసి, అందులోంచి దేవుడి గూట్లోని ప్రమిదలోకి వంచేది. కాడ ఉండడం వల్ల అది నిలబడదు కదా, అందుకని గూట్లోనే, దేవుడి పటం పక్కన, బోర్లించి పెట్టేది.

నేను బడి నుంచి వచ్చేసరికి పక్కింటి ఆమెకు చూపిస్తోంది.

"అంచు సూడు ఎంత నున్నంగా ఉండాదో. ఒక్క బొట్టు కారదు. మీ ఇంట్లో ఇట్లాంటిది ఉండాదా?"

"యాడ కొంటివి వదినా?"

"కొనేదేంది? ఇంట్లోనే దొరికినాది."

నేను గోడకు ఆనుకుని నిలబడిపోయాను. సాయంత్రం అక్క రాగానే చెప్పాను. అక్క ముందు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, మంచం మీద పడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తరువాత లేచి కూర్చుంది.

"ఎవురికీ చెప్పొద్దు. చెప్తే నన్ను ఈ పొద్దే వెళ్లగొడతాది. నన్ను వెళ్లగొడితే నీ లెక్కలు ఎవురు చెప్తారు? పరీక్ష అయిపోనీ. నాకు మళ్లా అక్కర పడేలోపల ఎట్లో తీసుకుంటాలే."

నేను చెప్పలేదు. రోజూ సంజెవేళ అత్త కళ్లు మూసుకుని ఏదో గొణుగుతూ ఆ గిన్నెతో నూనె పోస్తుంటే చూస్తూ నిలబడేదాన్ని. నాకు భయం వేయలేదు. ఇప్పుడు కూడా తప్పు చేశానని అనిపించదు.

ఈలోగా అత్త, పక్కింటి ఆమె మరో లెక్కలో పడ్డారు. బావి దగ్గర విన్నాను.

"ఆ యమ్మి వచ్చి ఎన్ని నెలలాయ? ఒక్క తూరన్నా బయట చేరింటే ఒట్టు."

"మొగుడు సెలవు మీద వచ్చిపోయినాడేమో వదినా."

"వచ్చింటే నా కండ్లకు కనబడడా? ఆడు బర్మాలో ఉండాడు. ఈ యమ్మికేమో ఈడ నిలిచింది."

దండెం మీద గుడ్డ లేకపోతే కడుపులో బిడ్డ ఉన్నట్టే. వాళ్ల తెలివి అంతదాకా పోయింది. వేరే దారి ఒకటుంటుందని వాళ్ల ఊహకు అందదు.

రేపు పరీక్ష అనగా మధ్యాహ్నం నాకు మొదలైంది. కొట్టం వెనక నిలబడి ఏడ్చాను. అక్కతో చెబితే ఆమె నా భుజాలు పట్టుకుంది.

"ఎవురికీ చెప్పొద్దు. మంచి గుడ్డ నేనిస్తా. పరీక్ష అయ్యేదాకా నువ్వు గూడా లోపలే, తెలిసిందా? పుస్తకం తీసుకో, నా గదిలో చదువు."

తన రెండు చీరల్లో ఒకదాని కొంగు చింపి ఇచ్చింది. అది నేను మరిచిపోలేదు.

సంజెవేళ అయింది. అత్త గూటి ముందు నిలబడి, గిన్నెలోకి నూనె పోసుకుని, ప్రమిదలోకి వంచబోతోంది. అక్క కాళ్లు కడుక్కుని నడవలోంచి పోతోంది. అత్త తల తిప్పకుండానే అడిగింది.

"ఏమ్మా టీచరమ్మా, నీకు ఎన్నో నెల?"

"ఏందమ్మా?"

"ఎన్నో నెలని అడుగుతాండా. మొగుడు యాడనో, నువ్వు యాడనో. నా ఇంటికి మచ్చ తెచ్చేకి ముందే మూట గట్టుకో."

అక్క ముఖం నల్లబడింది. "నాకేమీ నిలవలేదు. నెలనెలా వస్తానే ఉండాది."

"వస్తే యాడికి పోతాందమ్మా? గాలికి పోతాందా? గుడ్డ లేదు, ఉతికేది లేదు, బయట చేరేది లేదు. ఇంతమందిమి పిచ్చోళ్లమా? యాడ పెట్టుకున్నావో సూపీ."

నేను గది గుమ్మంలోంచి అక్కకు తల అడ్డంగా ఊపాను. చేతులు జోడించాను. ఒక్క రాత్రి, ఒక్క వారం ఆగమని కళ్లతోనే వేడుకున్నాను. ఆమె నన్ను చూసింది. చూసి కూడా అంది.

"సూపించేది యాల? నీ చేతిలోనే ఉండాది గదా. దాంతోనే గదా దినామూ దేవుడికి నూనె పోస్తాండావు."

అత్తకు అర్థం కాలేదు. అక్క అర్థమయ్యేటట్టు చెప్పింది. ఎక్కడ పెడతారో, ఏం పట్టుకుంటుందో, ఎట్లా పారబోస్తారో, సిగ్గు లేకుండా, పల్లెలో పశువు ఈనిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

అత్తకు అర్థమైంది. అయినా ఆ క్షణంలో కూడా నూనె ఒలకబోయలేదు. గిన్నెను అట్లాగే పట్టుకుని నడిచి, పెరట్లో తులసికి ఎడంగా, కాడ మట్టిలో దిగేటట్టు మెల్లగా నిలబెట్టింది. ఆ తరువాత అరిచింది. ఆ అరుపుకు వీధి వీధి కదిలి వచ్చింది. కట్టిన చీరతోనే బావి దగ్గర నీళ్లు గుమ్మరించుకుంది. గూడంతా ఆవుపంచితంతో కడిగింది. ప్రమిద పగలగొట్టింది. ఇన్ని రోజులు నూనె తాగి ఆ గిన్నె అప్పటికే కాస్త ఉబ్బి, జిగురు పట్టింది. దాన్ని పట్టకారుతో ఎత్తి పేడదిబ్బలో పూడ్చింది.

తరువాత నా దిక్కు తిరిగింది.

"నీకు తెల్సా ఇది?"

నేను పేడదిబ్బ దిక్కు చూశాను.

"తెలిసే చూస్తాంటివి. సరే. నువ్వెప్పుడు చేరల్ల బయట?" అని వేళ్లు మడిచింది. ఆమె లెక్క ఎప్పుడూ తప్పేది కాదు. "ఈ పొద్దే గదా. ఎందుకు చేరలేదు? ఇటు రా. వద్దు, రావద్దు. ఆడే తిరుగు, వెనక్కి తిరుగు."

లంగా వెనక ఏముందో నాకు తెలియదు. ఆమెకు కనబడింది.

పంచలోకి తోశారని రాయలేను. తోయాలంటే నన్ను ముట్టుకోవాలి కదా. కర్రతో పశువును తోలినట్టు తోలి, వెనక తలుపుకు గడియ పెట్టింది. అక్క అడ్డం వచ్చింది.

"నన్ను పంపించెయ్యి, పోతాను. బిడ్డను పరీక్షకు పంపు. రేపు పొద్దున నేనే పిలుచుకొని పోతా."

"నీ నీడ ఆ బిడ్డ పైన పడే ఇంతదాకా వచ్చింది. పో."

పొద్దున్నే బడి గంట వినబడింది. తలుపు బాదాను. అత్త గడియ తీయకుండా లోపలి నుంచే మాట్లాడింది.

"ముట్టు పెట్టుకొని సరస్వతిని ముట్టుకుంటావా?"

"ఇన్ని దినాలూ ఆ గిన్నెతోనే నువ్వు దేవుడికి నూనె పోస్తివే అత్తా, ఆయనేమన్నా అన్నాడా? దీపం ఆరిపోయిందా?"

తలుపు తెరుచుకుంది. ఆమెకు నన్ను చంపేయాలనిపించి ఉంటుంది. కొట్టడానికి లేదు, ముట్టుకుంటే మళ్లీ స్నానం. చేతిలో ఉన్న చీపురు విసిరింది. అది నా చెవికి తగిలింది. మళ్లీ గడియ పడింది.

అదే పొద్దున అక్క పెట్టె ఎత్తుకుని పోయింది. పోయే ముందు కొట్టం గోడ అవతల నిలబడి పిలిచింది.

"అమ్మీ, పోతాండా. ఏడవొద్దు. ఇంకో యేడు రాద్దువులే."

ఇంకో యేడు ఆమెకుంది. నాకు లేదని ఆమెకు తెలుసు, మా నాయన మాట నేనే ఆమెకు చెప్పాను. ఆమె తప్పేముంది, అంత మాట పడితే ఎవరైనా ఊరుకుంటారా అని మా మనవరాలు వాదిస్తుంది. ఊరుకోవాలి. ఒక్క వారం కడుపుతో ఉన్నానని అనిపించుకుంటే ఆమెకేం పోయేది? ఆమె తన పేరు కడుక్కుంది. ఆ నీళ్లు నా మీద పడ్డాయి. తరువాత ఆమె కుప్పం దగ్గర బడిలో టీచరైందని విన్నాను. అటు వైపు ఎన్నిసార్లు పోయినా చూడడానికి పోలేదు.

మూడు రోజులైనాక తలస్నానం చేయించారు. మొదటి పరీక్షలు తప్పితే మిగతావి రాసినా లెక్కకు రావు. పరీక్షలు ముగిసిన రోజున, కబురు అందుకుని మా నాయన వచ్చాడు. అత్త గూటి సంగతి ఎత్తుకోగానే చేయి అడ్డం పెట్టాడు.

"ఆడోళ్ల యవ్వారం నాకొద్దక్కా." నా దిక్కు చూశాడు. "పరీక్ష రాసినావా లేదా?"

"మొదటివి రాయలేదు నాయనా. అత్త గడియ పెట్టింది."

"రాసినావా లేదా అంటి."

"లేదు."

"అయితే పద."

అంతే. గడియ ఎవరు పెట్టారన్నది ఆయన లెక్కలో లేదు. అత్త మా కోసం పొట్లంలో చింతపండు పులిహోర కట్టింది. నేను ముట్టలేదు, ఆకలేసినా.

బస్టాండులో బొగ్గుతో నడిచే బస్సు పొగ కక్కుతూ నిలబడింది. వెనక బెంచీలో కూర్చునే ఆ పొగరుమోతు పిల్ల వాళ్ల అమ్మతో అక్కడే కనబడింది. పరీక్షలు ముగించుకుని ఊరికి పోతోందట. నన్ను చూసి నవ్వలేదు. కిటికీ దగ్గరికి వచ్చింది.

"లెక్కల్లో ఏమొచ్చినాయి?" అని నేనే అడిగాను.

"ఒకటి ఎవురికీ రాలేదు మే. ఒకడు రెండు ఎద్దుల్ని ఒకే ధరకు అమ్మినాడంట. ఒకదాంట్లో నూటికి ఇరవై లాభమంట, ఇంకోదాంట్లో నూటికి ఇరవై నష్టమంట. మొత్తం మీద లాభమా, నష్టమా? అందరం రెండూ సరికి సరి అని రాసినాం. బయటికొచ్చినాక అయ్యవారు తల కొట్టుకున్నాడు."

బస్సు కదిలింది. దారిపొడవునా ఆ లెక్క చేశాను. పలక లేదు, వేళ్లే. సరికి సరి అని పైకి కనబడుతుంది. ధర ఒకటే గానీ కొన్నది ఒకటి కాదని పట్టుకుంటే చిక్కు విడిపోతుంది. రెండుసార్లు తప్పాను. పుంగనూరు చెరువుకట్ట కనబడేసరికి తేలింది. నష్టం. నూటికి నాలుగు.

పక్కన మా నాయన కునుకు తీసి లేచాడు. ఆయన జీవితమంతా ఎద్దులు అమ్మినవాడే. అటువంటి బేరాలు ఎన్ని చేసి, సరికి సరి అనుకుని, ఇంటికి వచ్చి హాయిగా పడుకున్నాడో.

"ఏం గొణుగుతాండావు మే?" అన్నాడు.

"ఏంలేదు," అన్నాను. ఆ జవాబు ఆయనకు చెప్పలేదు. ఆయన బతికి ఉన్నన్నాళ్లూ చెప్పలేదు.